పుట్టుకతో వచ్చిన వంట

జూన్ నెల పదో తేదీ, సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. రాజమహేంద్రవరంలో నీడపట్టున నలభై రెండు డిగ్రీల వేడి. మృగశిర కార్తె ప్రవేశించి మూడో రోజైనా చినుకు జాడ లేదు; గోదావరి మీదుగా రావలసిన గాలి కొవ్వూరు ఒడ్డునే ఆగిపోయినట్టుంది. సరిగ్గా ఆ సమయానికి విద్యార్థి భోజన వసతుల ప్రాంతీయ సంచాలక కార్యాలయంలో, పరిపాలనా విభాగం సూపరింటెండెంటు కందాళ పరాంకుశం గారి బల్ల ముందు ఒక స్త్రీ వచ్చి నిలబడింది. ఆ తరువాత జరిగినదంతా ఆమె వచ్చి నిలబడటం వల్ల జరిగింది కాదు. ఆమెకు జవాబు చెప్పవలసి రావడం వల్ల జరిగింది.

ఆమె పేరు వరహాలమ్మ. గుమ్మళ్లపాలెం బాలుర హాస్టల్లో వంట సహాయకురాలు. అక్కడ నూకరాజు అనే వంటవాడు ఉండేవాడు. అతను ప్రభుత్వ జీతం మీద వంట చేసి, ప్రభుత్వ పింఛను మీద విశ్రాంతి తీసుకున్నాడు. అతను వెళ్లిన మర్నాటి నుంచి వంటంతా వరహాలమ్మే చేస్తోంది. ఆమెకు వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. గౌరవం, వేతనం అనే ఆ రెండు మాటలలో మొదటిది ఎక్కువగానూ రెండోది బహు తక్కువగానూ ఉండేది.

"నూకరాజు దిగిన పొయ్యి దగ్గరికే నేనెక్కానండి," అంది వరహాలమ్మ. "గుండిగ అదే, గరిటె అదే, తినే పిల్లలూ ఆళ్లేనండి. ఆయనకిచ్చింది జీతం అన్నారు, నాకిచ్చేది గౌరవం అంటన్నారు. గౌరవం పట్టుకెళ్తే కొట్టాయన బియ్యం కొలవట్లేదండి. నూకరాజుకిచ్చిందే నాకూ ఇప్పించండి."

పరాంకుశం గారు అర్జీ తీసుకుని, పరిశీలిస్తామని చెప్పి పంపేశారు. ఆయన చెడ్డవారు కాదు. ముప్పై మూడేళ్లుగా ఆ కార్యాలయంలో చిత్తులు రాస్తున్నారు, అంతే. ఏ పనినైనా ఎందుకు చెయ్యకూడదో ఆయన రాసిన కారణాలు చదివితే, అడిగినవాడే తను ఎంత అనర్థం కోరబోయాడో తెలుసుకుని సిగ్గుపడేవాడు. ఆ నవంబరు ఆఖరుకు ఆయనకు ఉద్యోగ విరమణ. ఆఖరి నెల జీతం మీద పింఛను లెక్క కడతారు. ఆ పింఛనే భార్యాభర్తలిద్దరికీ ఇకమీదట ఆధారం. పిల్లలు లేరు, పొలం లేదు. అందుచేత ఈ అయిదు నెలలూ ఎవరి కంటా పడకుండా, ఎవరి మాటా కాదనకుండా గడిపేసి వెళ్లిపోవాలని ఆయన సంకల్పం.

ఆ సంకల్పంతోనే అర్జీకి జవాబు రాశారు. వంట అనునది స్త్రీకి జన్మతః సంక్రమించిన ప్రవృత్తి అనియు, ప్రవృత్తికి ప్రతిఫలము కోరుట లోకమర్యాద కాదనియు, కోకిల కూసినందుకు వేతనము కోరదనియు, కావున అర్జీదారుకు గౌరవము మాత్రమే చెల్లునని రాశారు. నూకరాజు సంగతి వేరు: అతడు తన పురుష ప్రకృతిని ప్రతిదినము జయించి పప్పు ఉడికించినాడు, ఆ జయమునకే జీతము. చివర అలంకారప్రాయంగా, గౌరవ వేతనమునకు పింఛను వర్తింపదని ఒక వాక్యం చేర్చారు. ఆ వాక్యం ఎవరూ అడగలేదు. పేరా మరీ పొట్టిగా కనిపించిందని చేర్చారు.

చిత్తు సంచాలకులు డాక్టర్ త్రినాథరావు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన అంతకు ముందు వారమే 'స్త్రీ పురుష మేధోభేదములు' అనే విషయం మీద రెండు రోజుల శిక్షణా శిబిరానికి వెళ్లివచ్చారు. శిబిరంలో ఇచ్చిన సంచీ ఇంకా కుర్చీకి వేలాడుతూనే ఉంది. చిత్తు రెండుసార్లు చదివి పరాంకుశం గారిని పిలిపించారు.

"ఏమయ్యా, ఇది ఒక అర్జీకి జవాబా? ఇది సూత్రం! ఒక్క వంటమనిషికి చెప్పి ఊరుకుంటే శాస్త్రానికి అన్యాయం చేసినట్టవుతుంది. మన ప్రాంతం మొత్తానికి ప్రయోగాత్మకంగా అమలు చేద్దాం."

అప్పుడు ఆ గదిలో లెక్కల అధికారి సువార్త గారు కూడా ఉన్నారు. ఆమె నరసాపురం మనిషి. తక్కువ మాట్లాడేది, మాట్లాడినది మరిచిపోయేది కాదు. కాగితం చూసి, "కూసేది మగ కోయిలండి," అంది.

"ఉపమానంలో లింగభేదం పాటించనక్కర్లేదమ్మా," అన్నారు సంచాలకులు.

"సూత్రంలోనో సర్? ఆడవాళ్లకేనా, అందరికీ వర్తిస్తుందా?"

త్రినాథరావు గారు వెనక్కి వాలి నవ్వారు. "శాస్త్రానికి ఆడా మగా తేడా ఏముంటుందమ్మా? అందరికీ వర్తిస్తుంది."

సువార్త గారు ఆ మాట రాసుకుని సంతకం చేయించుకుంది.

పది రోజుల్లో ప్రవృత్తి నిర్ణాయక మండలి ఏర్పడింది. దానికి అధ్యక్షులు విశ్రాంత ఆచార్యులు ఉమామహేశ్వరం గారు. ఆయన ఏ మాటనైనా నిర్వచించకుండా మింగేవారు కారు. మంచినీళ్లు అడిగినా 'మంచి' అంటే ఏ అర్థంలోనో చెప్పేవారు. మనుషులు చేసే పనులన్నీ రెండు జాతులు అని ఆయన మొదటి సమావేశంలోనే ప్రకటించారు: పుట్టుకతో వచ్చినవి స్వభావసిద్ధాలు, లోకం నేర్పినవి అభ్యాససిద్ధాలు. మొదటి రకానికి గౌరవ వేతనం, రెండో రకానికి పూర్తి జీతం.

సంచాలకులకు ఒక్కటే సందేహం కలిగింది. పెళ్లిళ్లలో వండేది మగవాళ్లే కదా, దానికేమంటారని అడిగారు. ఆచార్యుల వారు జాలిగా చూశారు.

"అందుకే కదా వాళ్లకు సంభావన ఇస్తున్నాం. ఇంట్లో రోజూ వండే ఇల్లాలికి ఎవరైనా ఇస్తున్నారా? మన సూత్రం ఇవాళ పుట్టింది కాదు, త్రినాథరావు గారూ. లోకం ఎప్పటి నుంచో పాటిస్తోంది. మనం కాగితం మీద పెడుతున్నాం."

పట్టిక తయారు చెయ్యడం పరాంకుశం గారికి అప్పగించారు. స్త్రీలకు స్వభావసిద్ధాలు: వంట, ఓర్పు, శుభ్రత, పసిపిల్లల ఆలన, చిరునవ్వు. అది తేలికగానే అయిపోయింది. పురుషుల వైపు పట్టిక మొదలయ్యేసరికి కార్యాలయమంతా కదిలింది. ఉద్యోగులు టీ గ్లాసులతో వచ్చి ఆయన బల్ల చుట్టూ మూగారు. ధైర్యం రాయమన్నారు కాపలావాళ్లు. బలం అన్నారు గోదాము కూలీలు. యంత్రజ్ఞానం అన్నారు డ్రైవర్లు. అందులో ఒకడు తిరిగి వచ్చి, "దారి తెలవటం కూడా ఎయ్యండి సార్, ఆడోళ్లకి దారి తెలీదు," అని చేర్పించాడు. అందరూ వెళ్లాక పరాంకుశం గారు, సంచాలకుల వారు సంతోషిస్తారని తలచి, చివర్న తన చక్కని దస్తూరీతో 'నాయకత్వము, ఆజ్ఞాపించు సామర్థ్యము' అని రాశారు. త్రినాథరావు గారు నిజంగానే సంతోషించారు. ఆ సాయంత్రం మైసూర్ పాకులు పంచారు.

జూలై జీతాల నాటికి వరహాలమ్మ అర్జీ తిరస్కరించబడింది. ఆమెతో పాటు ఆయాలూ, ఊడ్చేవాళ్లూ గౌరవంలోకి ప్రవేశించారు. నవ్వుతూ పలకరించి అర్జీలు తీసుకునే ఆవకల గుమాస్తా విమలకు చిరునవ్వు పద్దు కింద జీతంలో భాగం తెగింది. విమల మర్నాటి నుంచి నవ్వడం మానేసి, నెల తిరక్కుండా తెగిన భాగం తెచ్చుకుంది. ఆ తరువాత కూడా ఆమె నవ్వలేదు. అలవాటు తప్పిందని చెప్పింది.

ఆగస్టులో కింది ఉద్యోగుల జీతాలు సువార్త గారు తయారు చేసింది. ఆమె పట్టికను ఒక వైపు చదివి ఆపే మనిషి కాదు. ధైర్యం స్వభావసిద్ధం గనక కాపలావాళ్లకు గౌరవ వేతనం. బలం స్వభావసిద్ధం గనక కూలీలకు గౌరవ వేతనం. డ్రైవర్లకు రెండు స్వభావాలు ఉన్నాయి. వాళ్లకు గౌరవం కూడా రెట్టింపు. ధవళేశ్వరం బాలికల హాస్టల్లో గేటు దగ్గర కాపలా ఉండే స్త్రీకి మాత్రం, ధైర్యం ఆమె ప్రకృతికి విరుద్ధం గనక, పూర్తి జీతం పడింది.

మగ ఉద్యోగులు వరండాలో సమావేశమై, పట్టిక ఎవడు రాశాడో వాణ్ణి బయటికి రమ్మన్నారు. పరాంకుశం గారు ఆ పూట సెలవు పెట్టారు. చివరికి మండలి ఒక మార్గం చూపింది: ఏ పురుషుడైనా పట్టికలోని గుణం తనకు పుట్టుకతో లేదని రుజువు చేసుకుంటే, ఆ పని అతనికి అభ్యాససిద్ధమైనట్టే, పూర్తి జీతం ఇవ్వవచ్చు.

మొదట వచ్చినవాడు ప్రధాన ద్వారం కాపలాదారు సింహాద్రి. బుగ్గమీసాలతో, ఆరడుగుల మనిషి. తనకు చిన్నప్పటి నుంచీ చీకటంటే భయమనీ, డ్యూటీలో ఉన్నంతసేపూ ఆంజనేయస్వామిని తలుచుకుంటూ బిగుసుకుని కూర్చుంటాననీ విన్నవించుకున్నాడు. మాటలు చాలవనీ, ప్రత్యక్ష ప్రమాణం కావాలనీ ఆచార్యుల వారు అంటూ ఉండగానే బీరువా మీదనుంచి పిల్లి ఒకటి బల్ల మీదికి దూకింది. ఆచార్యుల వారు కుర్చీ ఎక్కారు. సింహాద్రి అది చూసి పక్క కుర్చీ ఎక్కాడు. ఎవరు ముందు ఎక్కారో అనే విషయం సువార్త గారు నమోదు చేయబోతే, అధ్యక్షులది భయం కాదనీ, ఉన్నత స్థానం నుంచి పరిశీలన అనీ ఆచార్యుల వారు సరిదిద్దారు. సింహాద్రికి పిరికితనం ధ్రువపడింది. పూర్తి జీతం వచ్చింది.

ఆ వారంలోనే మిగిలిన కాపలావాళ్లందరూ పిరికివాళ్లయ్యారు. కూలీలకు నడుము నొప్పులు వచ్చాయి. గోదాములోంచి కందిపప్పు బస్తాలు పోయాయి. కాపలావాళ్లు దొంగలను చూశారు గాని భయపడ్డారు. భయపడకపోతే జీతం పోతుంది కనుక వాళ్ల మీద చర్య తీసుకోవడానికి వీలు లేకపోయింది. డ్రైవర్లకు దారులు తెలియడం మానేశాయి. అమలాపురం తనిఖీకి బయలుదేరిన త్రినాథరావు గారు మధ్యాహ్నానికి జంగారెడ్డిగూడెంలో తేలారు. అక్కడ దిగి, ఎవరినైనా అడగవయ్యా అంటే, అడగడం కూడా తెలియదని డ్రైవరు వినయంగా చెప్పాడు.

ఇవన్నీ శాస్త్రానికి ఆరంభంలో తప్పని ఇబ్బందులని సంచాలకులు సర్దుకున్నారు. సెప్టెంబరు జీతం రోజు వరకూ సర్దుకున్నారు. పట్టిక అధికారుల దాకా వచ్చిన ఆ రోజు ఆయన సువార్త గారిని పిలిపించి, తన పేరు గౌరవ వేతనాల వరుసలో కనిపిస్తోందనీ, ఇది ఏ గుమాస్తా తప్పిదమనీ అడిగారు.

"తప్పిదం కాదు సర్. మీరు చేసే పని నాయకత్వం. అది పురుషులకు పుట్టుకతో వచ్చిందని పట్టికలో ఉంది. కోయిలకు వర్తించిందే మీకూనూ."

"మరి నీకు?"

"నేను ఆడదాన్ని కదా సర్. అధికారి కుర్చీలో కూర్చోవడం నాకు ప్రకృతి విరుద్ధం. అందుకని నాది పూర్తి జీతం."

త్రినాథరావు గారు జీతాల కాగితాన్ని దూరంగా తోసేశారు. ఆ తరువాత పరాంకుశం గారిని పిలిచి, నాయకత్వము అనే మాట పట్టికలో ఎవరు పెట్టమన్నారని అడిగారు.  పరాంకుశం గారి చేతిలో అప్పటికే తన జీతం కాగితం ఉంది. తన విభాగంలో నలుగురు గుమాస్తాలను ఆజ్ఞాపించే సూపరింటెండెంటు ఆయన. ఆయనా గౌరవంలో పడ్డారు. నవంబరు ఆఖరున గౌరవ వేతనం మీద విరమిస్తే పింఛను ఉండదు. ఆ వాక్యం రాసినవారు ఎవరో ఆయనకు వేరొకరు చెప్పనవసరం లేదు.

అధికారులందరూ కలిసి మండలిని ఆశ్రయించారు. ఆచార్యుల వారు మూడు రోజులు ఆలోచించి తీర్పు చెప్పారు. కార్యాలయంలో మనిషి కనబరిచేది హోదా. స్వభావం ఇంటిలోనే నిరావరణంగా కనిపిస్తుంది. కాబట్టి ప్రతి అధికారికీ నాయకత్వం పుట్టుకతో లేదని అతని ఇంటి స్త్రీ వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి.

అక్టోబరు మొదటి వారమంతా ఆ వరండాలో పట్టుచీరలు. సంచాలకుల భార్య వచ్చి, ఆయన బజారులో బెండకాయలు కూడా తనకు ఫోను చెయ్యకుండా ఏరలేరనీ, ఏ చొక్కా వేసుకోవాలో తనే తీసి మంచం మీద పెడుతుందనీ నిస్సంకోచంగా చెప్పింది. త్రినాథరావు గారు ఆ పక్కనే తలవంచుకుని కూర్చుని జీతం తిరిగి పొందారు. మిగిలిన భార్యలు కూడా అడిగినదానికంటె ఎక్కువే చెప్పారు. కొందరు మర్నాడు మళ్లీ వచ్చి, నిన్న మరిచిపోయినవి చెప్పిపోయారు. పెళ్లికాని ఉపసంచాలకుడు ఒకాయన తల్లిని తీసుకొచ్చాడు. ఆమె తన కొడుకు పుట్టిన ఘడియలోనే రాజలక్షణాలు కనిపించాయని చెప్పి, అతని జీతం శాశ్వతంగా పోగొట్టి, ఆశీర్వదించి వెళ్లింది.

మిగిలింది పరాంకుశం గారు. ఆయన వెనకాడడానికి కారణం ఉంది. ఆయన భార్య సుందరవల్లి గారు అబద్ధం చెప్పే మనిషి కాదు. అబద్ధం చెప్పకపోతే తన గతి ఏమిటో ఆయనకు తెలుసు. ఒక ఉదయం ఆవిడ వాకిట్లో కూర్చుని దొండకాయలు తరుగుతుండగా, ఆయన ఒక కాగితం పట్టుకుని పక్కన చేరారు. అలవాటు చొప్పున "సుందరం, కాఫీ," అనబోయి మింగేశారు.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని కాగితం చదివింది. "‘మా వారికి ఆజ్ఞాపించు స్వభావము ఎన్నడును లేదు.’ ఇది నేను చెప్పాలా?"

"అవును. అక్షరం మార్చకుండా చెప్పాలి."

"ఆజ్ఞా?"

పరాంకుశం గారు దొర్లిపోయిన దొండకాయ ఒకటి ఏరి పళ్లెంలో వేశారు. "లేదు, బతిమాలుతున్నాను. పింఛను పోతుంది, సుందరం."

"బతిమాలడం అలవాటు లేదు కదా, గొంతు అలా వచ్చింది," అని ఆవిడ కాగితం తిరిగి ఇచ్చింది. "వస్తాను. ఈ కాగితం అక్కర్లేదు. ఉన్నదేమిటో అదే చెప్తాను."

ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు మండలి ముందు సుందరవల్లి గారు నీరుకావి రంగు చీరలో, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక పక్క త్రినాథరావు గారు, ఎదుట ఆచార్యుల వారు, చివర్న సువార్త గారు. పరాంకుశం గారు తలుపు దగ్గర నిలబడ్డారు. ఆచార్యుల వారు గొంతు సవరించుకుని, మీ భర్తగారి ఆజ్ఞాపించు సామర్థ్యము జన్మసిద్ధమా అభ్యాససిద్ధమా, సందేహములకు తావు లేకుండా సెలవివ్వండి అన్నారు.

"నేను కాపరానికి వచ్చేసరికి ఆయనకి ఇరవై ఆరేళ్లండి," అంది ఆవిడ. "దాహం వేస్తే లేచి వెళ్లి, కుండలో ముంచుకుని తాగేవారు. మా అత్తగారికి అది కంటగింపుగా ఉండేది. ‘పెళ్లాం ఇంట్లో తిరుగుతుంటే నువ్వు లేవడమేమిట్రా’ అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేవారు. కొన్నాళ్లకి కూర్చుని అడగడం వచ్చింది. ఇంకొన్నాళ్లకి అడగడం మానేసి, గ్లాసు చప్పుడు చెయ్యడం వచ్చింది. ఆ చప్పుడుకి లేవడం నాకూ వచ్చింది. నేను లేవకపోయుంటే ఆయనకి వచ్చేది కాదు. ఆయన తప్పేం లేదండి. అత్తగారూ నేనూ కలిసి నేర్పాం."

 ఆచార్యుల వారు ఉత్సాహంగా కలం తీశారు. "నేర్పారు! అనగా లోకకృతం. అభ్యాససిద్ధమని నిర్ధారణ. పరాంకుశం గారికి పూర్తి జీతం."

పరాంకుశం గారు తలుపు వదిలి ఒక అడుగు లోపలికి వేశారు. అప్పుడు సువార్త గారు తల ఎత్తకుండానే ఒక ప్రశ్న అడిగింది.

"మీకు వంట ఎలా వచ్చిందమ్మా?"

"నాకా? పుట్టింట్లో పొయ్యి మొహమే చూడలేదు. ఆఖరి పిల్లని. ఇక్కడికొచ్చిన మొదటి వారం చారులో ఉప్పనుకుని పటిక వేశాను. అత్తగారు గరిటె కాడతో వేళ్ల కణుపుల మీద కొట్టి నేర్పారు." ఆవిడ చేతివేళ్లు ఒకసారి చూసుకుంది. "ఆయనకి గ్లాసు చప్పుడు వచ్చినంత కాలమే పట్టింది, నాకు చారు రావడానికి."

సువార్త గారు దాన్ని కూడా రాసుకుంది.

ముందు అర్థమైనది త్రినాథరావు గారికి. స్త్రీకి వంట లోకం నేర్పినదైతే అది అభ్యాససిద్ధం. అభ్యాససిద్ధమైతే పూర్తి జీతం. గుమ్మళ్లపాలెం వరహాలమ్మకొక్కర్తికే కాదు, ప్రాంతంలోని హాస్టళ్లలో పొయ్యి ముందు నిలబడ్డ ప్రతి ఆడదానికీ. ఆయన ఆచార్యుల వారి చెవిలో ఏదో చెప్పారు. ఆచార్యుల వారు, వాంగ్మూలంలో పూర్వభాగం శాస్త్రీయమనీ, ఉత్తరభాగం కేవలం గృహవృత్తాంతమనీ, దానిని విడదీయవచ్చుననీ అన్నారు. ఒకే మనిషి, ఒకే పూట, ఒకే అత్తగారి గురించి చెప్పిన మాటలో సగం నిజమూ సగం వృత్తాంతమూ అని రాస్తే ఆడిటువారు మొత్తం కొట్టేస్తారనీ, అప్పుడు సూపరింటెండెంటు గారి జీతం కూడా పోతుందనీ సువార్త గారు చెప్పింది. కావాలంటే ఆయన్నే అడగమంది.

త్రినాథరావు గారు పరాంకుశం గారి వైపు తిరిగారు. "చెప్పవయ్యా. మీ ఆవిడకి వంట పుట్టుకతోనే వచ్చిందని నువ్వొక్క మాట రాసివ్వు. నీ సంగతి తరువాత నేను చూసుకుంటాను."

ముప్పై మూడేళ్ల సర్వీసులో పరాంకుశం గారు పై అధికారి మాట కాదనలేదు. 'తరువాత చూసుకుంటాను' అనే మాట మాత్రం తన చిత్తుల్లోనే కొన్ని వందల సార్లు రాశారు. దాని విలువ ఆయనకంటె ఎరిగినవారు ఆ భవనంలో లేరు. ఆయన కలం తీసుకుని, నా భార్య చెప్పినది యావత్తూ నిజము, పటికతో సహా, అని రాసి సంతకం చేశారు. పింఛను కోసం మనిషి సత్యం పలకడంలో వింతేమీ లేదు. పలికాక అది సత్యం కాకుండా పోదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన అరుగు మీద కూర్చుని, అలసటకొద్దీ గ్లాసు చప్పుడు చేశారు. ఎవరూ రాలేదు. రెండోసారి చేశారు. లోపలినుంచి సుందరవల్లి గారు, "ఆ చదువు నేను మానేశానండీ," అంది. ఆయన లేచి వెళ్లారు. కుండ ఎక్కడ ఉందో మాత్రం ఆవిడే చెప్పవలసి వచ్చింది.

స్త్రీకైనా పురుషునికైనా వంట అభ్యాసముచే వచ్చు విద్యయే అనియు, దానికి పూర్తి జీతము చెల్లుననియు ఉత్తర్వు రాసే పని మళ్లీ పరాంకుశం గారిదే అయింది. ఆయన దాన్ని శ్రద్ధగానే రాశారు. తను ఏ పనినైనా చెయ్యవచ్చునని రాసిన మొదటి చిత్తు అదే గనక, వాక్యాలు కొంచెం తడబడ్డాయి. త్రినాథరావు గారు చదివి, ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు. చివర ఒక పేరా మాత్రం స్వహస్తంతో చేర్చారు: విద్య అయిన పక్షమున దానికి గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన అర్హతాపత్రము ఉండవలెను, లేనివారు వంటశాలలో ప్రవేశించుట నిబంధనలకు విరుద్ధము.

నవంబరులో వాన ముసురు పట్టిన ఒక పగటిపూట వరహాలమ్మ వచ్చింది. ఉత్తర్వు సంగతి విని, ఈసారి పుట్టింటివాళ్లు పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. వంట ఎక్కడ నేర్చుకున్నావని పరాంకుశం గారు అడగవలసి వచ్చింది.

"మా అమ్మ దగ్గరండి."

"మీ అమ్మ దగ్గర అర్హతాపత్రం..." అని ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు.

వరహాలమ్మకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె అరవలేదు. చేతిలోని గొడుగు మడిచి, బల్ల అంచున ఆనించింది.

"అప్పుడేమో పుట్టుకతో వచ్చిందన్నారు, దానికి జీతమేంటన్నారు. ఇప్పుడేమో నేర్చుకుంటే వచ్చేదంటన్నారు, ఎక్కడ నేర్చావంటన్నారు. మీరు అదీ ఇదీ తేల్చుకునేలోపల ఆ పిల్లలు రోజూ రెండు పూటలా తిన్నారండి. అది ఎలాగొచ్చింది బాబుగారూ?"

పరాంకుశం గారు చాలా కారణాలు రాయగలిగిన మనిషి. ఆ రోజు ఆయనకు ఒక్కటీ తట్టలేదు. పరిశీలిస్తామని కూడా అనలేకపోయారు. ఆమె గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. ఆమెకు పంపవలసిన లిఖితపూర్వకమైన జవాబు మాత్రం ఆయన ఆ మధ్యాహ్నమే రాశారు. రాయకపోతే విరమణకు ముందు ఆయన పేరున పని బకాయి చూపిస్తారు.

ఆ నెలాఖరున శాలువా, పూలదండ, వెండి గ్లాసుతో సన్మానం జరిగింది. ఆయన పింఛను పూర్తిగా మంజూరైంది. ప్రయోగం విజయవంతమైందని మండలి నివేదిక ఇచ్చి రద్దయింది. త్రినాథరావు గారికి పదోన్నతి వచ్చింది. సువార్త గారిని నరసాపురానికి చాలా దూరమైన చోటికి బదిలీ చేశారు.

ఆరేళ్ల తరువాత గుమ్మళ్లపాలెం హాస్టలుకు భోజనం కాంట్రాక్టరు బండిలో వస్తోంది. ఆ కాంట్రాక్టరు వంటశాల ద్వారపూడి రోడ్డు మీద ఉంది. అక్కడ అర్హతాపత్రం ఉన్న వంటవాడు ఒకడు ఉన్నాడు. పత్రం చట్రం కట్టించి గోడకు తగిలించారు. వంట వరహాలమ్మ చేస్తుంది.